అనిర్వేదము: దేహనియమము వలన మనోధైర్యము

సుందరకాండను పారాయణము చేయు గృహములు మన హొళగుంద, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములందు అనేకములు కలవు. సంతానము లేనివారు, వ్యాధిగ్రస్తులు, వ్యాజ్యములలో చిక్కుకొన్నవారు, ఎందరెందరో ఆ కాండమునే ఆశ్రయించుదురు. ఐనను పారాయణము చేయువారిలో పెక్కుమంది సముద్రలంఘనమును, సీతాదర్శనమును, లంకాదహనమును మనసున నిలుపుకొందురే కాని, నడుమనున్న పండ్రెండు, పదమూడు సర్గలను త్వరగా దాటిపోవుదురు. ఈ పాఠమునకు ఆధారము ఆ రెండు సర్గలే. దేహమును నియమమున నిలుపుటకును, కష్టకాలమున మనస్సు కుంగకుండుటకును గల సంబంధమేమి అను ప్రశ్నకు అచ్చట లభించునంత స్పష్టమైన సమాధానము మరియొకచోట లభించుట అరుదు.

హనుమంతుని నిర్వేదము

నూరు యోజనముల సముద్రమును దాటి, మైనాకుని ఆతిథ్యమును సవినయముగా వదలి, సురసను మెప్పించి, సింహికను చంపి, లంకిణిని గెలిచి లంకలో ప్రవేశించినవాడు హనుమంతుడు. ఆ రాత్రి యంతయు రాక్షసగృహములను, పుష్పకమును, రావణుని అంతఃపురమును, పానశాలను వెదకెను. సీత కానరాలేదు. పండ్రెండవ సర్గలో ఆయన మనస్సు మొదటిసారి కుంగెను. చేసిన శ్రమ యంతయు వ్యర్థమయ్యెనే అని తలపోసెను. అంతలోనే తన్ను తాను హెచ్చరించుకొనెను. నిరుత్సాహము చెందకుండుటయే సంపదకు మూలమని, సుఖమునకు హేతువని తెలిసికొని మరల వెదకుటకు పూనుకొనెను. దీనినే వాల్మీకి మహర్షి అనిర్వేదము అను పదముతో చెప్పినాడు. నిర్వేదమనగా విసుగుతో చేతులు వదలివేయుట. అది లేకుండుట అనిర్వేదము.

కథ అచ్చటితో ముగిసినచో అది పిల్లలకు చెప్పు నీతికథ మాత్రమే యగును. మహర్షి అంతటితో విడువలేదు. రెండవసారి వెదకినను సీత కానరాలేదు. పదమూడవ సర్గలో హనుమంతుడు మునుపటికంటె లోతైన దుఃఖమున మునిగెను. సీత కనబడలేదని చెప్పినచో రాముడు జీవించడు, రాముడు లేక లక్ష్మణుడు జీవించడు, ఆ వెనుక భరత శత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు, అంగదుడు, వానరులందరును నశింతురని వరుసగా ఊహించెను. తాను తిరిగి పోరాదనుకొనెను. వానప్రస్థుడనై యుందునా, చితి పేర్చుకొందునా, నీట మునుగుదునా అని కూడ తలంచెను. వజ్రదేహుడు, జితేంద్రియుడు, బుద్ధిమంతులలో శ్రేష్ఠుడు ఐనవాని తలంపులు ఇవి!

పిదప మరణమున దోషములు అనేకములనియు, బ్రదికియున్నవానికే శుభములు లభించుననియు నిశ్చయించుకొనెను. అప్పుడు ఆయన దృష్టి ఇంకను వెదకని అశోకవనము మీద పడినది. రామలక్ష్మణులకు, సీతాదేవికి, దేవతలకు నమస్కరించి ఆ వనమునకు పోయెను. సీత అచ్చటనే యున్నది.

ఇందు మనము గ్రహింపవలసినవి మూడు. మొదటిది, మనస్సు కుంగుట బలహీనుల లక్షణము మాత్రమే కాదు. బలవంతునకును అది వచ్చును. రెండవది, ఒకమారు జయించినంత మాత్రమున అది మరల రాకపోదు. రెండవమారు మరింత బలముగా రావచ్చును. మూడవది ముఖ్యమైనది. హనుమంతుడు తన దుఃఖము పూర్తిగా తొలగువరకు కూర్చుండి నిరీక్షింపలేదు. చేయవలసిన తరువాతి పని ఏదియో చూచి లేచెను. లేవుమని మనస్సు చెప్పినప్పుడు దేహము లేచినది. ఆ విధముగా మాట వినునట్టి దేహము ఒక్క రాత్రిలో సిద్ధించునది కాదు. అది చిరకాల సాధనకు ఫలము.

దేహమును గూర్చి శాస్త్రము చెప్పినది

వైరాగ్యము పేరిట దేహమును తృణీకరించుట మన సంప్రదాయమని కొందరు భ్రమపడుదురు. అది సరికాదు. కుమారసంభవము ఐదవ సర్గలో, తపస్సుచే కృశించిన పార్వతిని బ్రహ్మచారి వేషమున వచ్చిన శివుడు పలుకరించుచు, ధర్మమునకు శరీరమే మొదటి సాధనమని జ్ఞాపకము చేయును. తపస్సు చేయుచున్న ఆమెతోనే ఆ మాట చెప్పించుటలో కాళిదాసుని ఔచిత్యము కలదు. భగవద్గీత ఆరవ అధ్యాయమున శ్రీకృష్ణ భగవానుడు ఆహారము, విహారము, నిద్ర, మెలకువ, కర్మాచరణము అన్నిటియందును మితమును పాటించువానికే యోగము దుఃఖనాశకమగునని ఉపదేశించెను. పదిహేడవ అధ్యాయమున శారీరక తపస్సు, వాచిక తపస్సు, మానసిక తపస్సు అని మూడు విధములను వరుసగా చెప్పెను. శరీరముతో ఆరంభించి మనస్సుతో ముగించిన ఆ వరుస గమనింపదగినది. అదే అధ్యాయమున దంభముతో దేహమును హింసించువారిని ఆసుర స్వభావులని నిందించెను. కావున దేహమును లాలించుటయు, పీడించుటయు రెండును తప్పే. దానిని శిక్షణలో ఉంచుట ఒక్కటే మార్గము.

ఆయుర్వేదము ఈ విషయమును మరింత విడమరచి చెప్పినది. చరకసంహిత సూత్రస్థానము ఏడవ అధ్యాయమున వ్యాయామమనగా దేహమునకు స్థైర్యమును, బలమును పెంపొందించు చేష్ట అనియు, దానిని మాత్ర మీరక చేయవలెననియు చెప్పబడినది. దేహము తేలికపడుట, పని చేయు సామర్థ్యము, జఠరాగ్ని వృద్ధి, కష్టమును ఓర్చుకొను శక్తి దాని ఫలములు. ఈ చివరి మాటను పాఠకులు ప్రత్యేకముగా గమనింతురు గాక. ఓర్పు అనునది మనస్సునకు సంబంధించినదని మనము తలంతుము. ఆచార్యులు దానిని వ్యాయామ ఫలములలోనే చేర్చినారు.

ఎంత చేయవలెను? దీనికి వాగ్భటుడు, సుశ్రుతుడు చెప్పిన కొలత అర్ధశక్తి. అనగా తనకు గల బలములో సగము వరకే వ్యాయామము చేయవలెను. ఆ సగమును తెలిసికొనుట ఎట్లు? ముక్కుతో సాగు శ్వాస నోటికి వచ్చుట, నుదుట, చంకలలో, కీళ్లయందు చెమట పట్టుట, నోరు ఎండుట మొదలైనవి గురుతులని వైద్యులు చెప్పుదురు. అచ్చట ఆగవలెను. మితిమీరినచో దప్పిక, ఆయాసము, దగ్గు, జ్వరము, క్షయము కలుగునని చెప్పి, శక్తికి మించిన సాహసము చేయువాడు ఏనుగును ఈడ్వబోయిన సింహము వలె నశించునని హెచ్చరించినారు. అజీర్ణముతో ఉన్నవారికి, బాలురకు, వృద్ధులకు కఠిన వ్యాయామమును నిషేధించినారు.

నేటి వైద్యశాస్త్రమును ఈ దిశకే చేరినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారము పెద్దలు వారమునకు 150 నుండి 300 నిమిషముల వరకు మధ్యరకపు శ్రమ చేయవలెను. వారమునకు రెండు దినములైనను కండరములకు బలమునిచ్చు వ్యాయామము చేయవలెను. 65 ఏండ్లు దాటినవారు పడిపోకుండుటకై తూకము నిలుపుకొను అభ్యాసములను వారమునకు మూడు దినములు చేర్చుకొనవలెను. దిగులు, ఆందోళన తగ్గుటకును, నిద్ర కుదురుటకును శ్రమ తోడ్పడునని ఆ సూచనలే చెప్పుచున్నవి. దినమునకు అరగంట నడక యనగా వారమునకు ఐదు దినములలో 150 నిమిషములు పూర్తియగును. ఇది ఎవరికిని భారము కాదు.

వాయుదేవుని సంప్రదాయము

మన ప్రాంతపు మాధ్వ గృహములకు ఈ విషయము క్రొత్తది కానేకాదు. హనుమంతుడు, భీమసేనుడు, మధ్వాచార్యులు ముగ్గురును వాయుదేవుని అవతారములని ఆ సిద్ధాంతము. ప్రాణమునకు అధిదేవత ఐనవాడే జ్ఞానమునకును, బలమునకును ఆశ్రయుడగుట ఇందలి విశేషము. ఉడుపి సమీపమున పాజకక్షేత్రమున 1238లో జన్మించిన ఆచార్యుల చరిత్రమును నారాయణ పండితాచార్యులు సుమధ్వవిజయము అను కావ్యముగా రచించినారు. పాఠశాలలో ఉన్న దినములలో ఆ బాలుడు పరుగు, దూకుట, ఈత, బరువులెత్తుట, మల్లయుద్ధము మొదలగువాటిలో తోటివారినందరిని మించెనని అందు వర్ణింపబడినది. ఆటలలో పడి చదువును నిర్లక్ష్యము చేయుచున్నాడని గురువు కోపించగా, ఆ బాలుడు వేదపాఠమును తడబాటు లేక అప్పగించి ఆయనను ఆశ్చర్యపరచెను. ఉడుపి నుండి బదరికాశ్రమము వరకు కాలినడకన పోయి వచ్చిన మహనీయుడాయన. కళస సమీపమున భద్రానదీ తీరమందలి అంబుతీర్థమున ఒక మహాశిల కలదు. దానిని ఆచార్యులు ఒంటి చేతితో తెచ్చి నిలిపినారని తెలుపు శాసనము దానిపైననే చెక్కబడియున్నది.

మనకు పొరుగున తుంగభద్రా తీరమున మంత్రాలయమందు 1671లో బృందావన ప్రవేశము చేసిన శ్రీ రాఘవేంద్రస్వామివారు పూర్వాశ్రమమున కడు దారిద్ర్యమును అనుభవించినారు. ఇంట అన్నము లేక పస్తులున్న దినములలోనే శాస్త్రాధ్యయనమును, అధ్యాపనమును విడువలేదు. నియమము సుఖకాలమునకు అలంకారము వంటిది. కష్టకాలమున అదియే ఊతకర్ర.

తెలుగువారిలో దేహబలమునకు పేరెన్నికగన్న కోడి రామమూర్తి నాయుడుగారిని కూడ ఇచ్చట స్మరింపవలెను. ఉత్తరాంధ్రమున వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయులుగా ఉండి, పిమ్మట సర్కసు నెలకొల్పి దేశదేశములందు కీర్తి గాంచినవారాయన. శాకాహారి, హనుమద్భక్తుడు. ఛాతికి చుట్టిన ఇనుప గొలుసును శ్వాసను బిగబట్టి త్రెంచుట ఆయన ప్రదర్శనలలో ఒకటి. చివరి దినములలో కాలికి రాచపుండు లేచి శస్త్రచికిత్స చేయవలసిరాగా, మత్తుమందును నిరాకరించి ప్రాణాయామముతో ఆ బాధను భరించెనని పెద్దలు చెప్పుదురు. 1942లో ఆయన పరమపదించెను. గొలుసు త్రెంచుటకంటె ఆ బాధను ఓర్చుకొనుటయే ఆయన బలమునకు నిజమైన పరీక్ష అని నా తలంపు.

దేవరగట్టు నిష్ఠ

ఇక మన మండలమునకే వత్తము. నెరణికి గ్రామ సమీపమున దేవరగట్టుపై మాళమల్లేశ్వరస్వామి క్షేత్రము కలదు. విజయదశమి రాత్రి స్వామివారి కల్యాణానంతరము ఉత్సవమూర్తులు కొండ దిగునప్పుడు జరుగు బన్ని ఉత్సవము లోకమున కర్రల సమరముగా పేరుపడినది. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామములవారు మూర్తులకు రక్షణగా నిలువగా, చుట్టుపట్ల గ్రామములవారు వాటిని దక్కించుకొనుటకై కర్రలతో, దివిటీలతో వత్తురు. ఏటేటా తలలు పగులుచున్నవి. కొన్ని సంవత్సరములందు ప్రాణములును పోయినవి. వార్తలు వ్రాయువారు ఆ రక్తమును మాత్రమే చూతురు. ఆ రక్తపాతమును సమర్థించుట ఈ వ్యాసకర్త ఉద్దేశము ఎంతమాత్రమును కాదు. సాటి భక్తుని తల పగులగొట్టి పొందు పుణ్యము ఏ శాస్త్రమునను లేదు.

ఐనను ఆ ఉత్సవమునకు ముందు జరుగు దానిని కూడ చూడవలెను. మూర్తులను కాపాడు గ్రామములవారు ఉత్సవము ముగియువరకు నిష్ఠ పట్టుదురు. మద్యమాంసములను ముట్టరు. కాలికి చెప్పులు తొడుగరు. బ్రహ్మచర్యమును పాటింతురు. ఉత్సవమునకు ముందు ఆ మూడు గ్రామములవారును కూడి పాలబాస చేయుదురు. పాలను సాక్షిగా పెట్టుకొని, తమలో నున్న కక్షలను విడిచి ఐకమత్యముతో స్వామి సేవ చేయుదుమని ప్రమాణము చేయుటయే పాలబాస. శాస్త్రము చదువని రైతులు, కాపరులు శాస్త్రసారమును ఎట్లు గ్రహించినారో చూడుడు. కర్ర పట్టు చేతికి ముందు నాలుకను, పాదమును, కోపమును అదుపులో పెట్టవలెనని వారికి తెలిసినది. నిష్ఠ పట్టినవాడు మూర్తిని కాపాడును. మద్యము త్రాగి వచ్చినవాడు మనుష్యుని కొట్టును. బలము ఒక్కటే. దాని వెనుక నియమము ఉన్నదా లేదా అనుటలోనే భేదము.

ఒక అనుభవము

పాఠమునకు అవసరమగుట చేత నా సంగతి కొంత చెప్పవలసియున్నది. మూడేండ్ల క్రిందట నా సహధర్మచారిణి పరమపదించినది. అంతవరకు నలుబది ఏండ్లు విద్యార్థులకు గీతను, రామాయణమును బోధించిన నేను, ఆ తరువాత గడప దాటుట మానివేసితిని. వేళకు భోజనము లేదు. రాత్రి నిద్ర లేదు. సంధ్యావందనమునకు కూర్చున్నను మంత్రము నడుమ ఎచ్చటనో ఆగిపోవుచుండెను. దేహము నశ్వరమని, శోకము తగదని నోటికి వచ్చిన వాక్యములు ఎన్నియో కలవు. ఒక్కటియు చేతికి అందలేదు. నాకు తెలియని విషయము లేదు. చేయగలిగిన పనియును లేదు.

ఒక సాయంకాలము నెరణికి వైపు గ్రామమునుండి ఒక యువకుడు వచ్చెను. వాని తండ్రి నా వద్ద చదువుకొన్నవాడు. ఏటేటా నిష్ఠ పట్టు ఇంటివాడు. నుదుట పాత గాయపు మచ్చ కలదు. నన్ను చూచి, "అయ్యవారూ, ఇట్లా కూచుంటే ఎట్లా? రేపు పొద్దున కాలువగట్టు మీదికి పోదాం రాండి" అనెను.

"నాకు శక్తి లేదు నాయనా" అంటిని.

"శక్తి వచ్చినంక నడిచేది కాదు సామీ. నడిస్తే వచ్చేది శక్తి. మేము నిష్ఠ పట్టేటప్పుడు మొదటి రెండు దినాలు ఒట్టికాళ్లతో నడవలేము. మూడోనాటికి కాళ్లే దారి చెప్తాయి."

నేను వాని నుదుటి మచ్చను చూచుట గమనించి తానే మరల చెప్పెను: "ఇది తాగినోని కట్టె సామీ. అప్పటినుంచి నేను కట్టె పట్టలేదు. నిష్ఠ మాత్రం విడిచిపెట్టలేదు. నిష్ఠే నాకు మిగిలింది."

మరునాడు తుంగభద్ర దిగువ కాలువగట్టుపై అరఫర్లాంగు నడచి ఆయాసపడి కూర్చుంటిని. వాడు ఏమియు అనక ప్రక్కన కూర్చుండెను. రెండవనాడును అంతే. పదునైదు దినములకు అర మైలు పోయితిమి. నెల దాటునప్పటికి ఒకనాడు నడచుచునే గాయత్రిని జపించుచున్నట్లు గ్రహించితిని. మంత్రము నడుమ ఆగలేదు. శోకము పోయినదని నేను చెప్పను. అది నేటికిని ఉన్నది. ఐనను దానిని మోయు భుజములు నాకు తిరిగి లభించినవి. పండ్రెండవ సర్గను నేను శతాధిక పర్యాయములు పాఠము చెప్పియుంటిని. దాని అర్థమును ఆ కాలువగట్టుపై ఆ బాలుడు నాకు చెప్పినాడు.

గృహస్థులకు కొన్ని నియమములు

ఇకమీదట చెప్పునవి ఎవరైనను ఆచరింపదగిన సామాన్య నియమములు.

మొదటిది, వేళ. బ్రాహ్మీ ముహూర్తమున లేచుట పెద్దలు పెట్టిన నియమము. మన పడమటి కర్నూలు ఎండలకు అది మరింత అవసరము. వేసవిలో ఎండ ఎక్కకముందే నడక ముగియవలెను. వేళకు లేవవలెనన్నచో వేళకు పరుండవలెను. రాత్రి చేతిలో నున్న ఫోనును ప్రక్కన పెట్టుటయే నేటి కాలమున బ్రాహ్మీ ముహూర్తమునకు తొలి సోపానము.

రెండవది, భగవత్సేవతో కూడిన శ్రమ. దేవాలయ ప్రదక్షిణములు, సాష్టాంగ నమస్కారములు, సూర్యనమస్కారములు మన పెద్దలు ఏర్పరచిన వ్యాయామములే. సాష్టాంగము చేసి లేచునప్పుడు భుజములు, నడుము, మోకాళ్లు అన్నియు పని చేయును. యువకులు దండీలు, బస్కీలు, సంగడములు త్రిప్పుట మొదలైన సామును అలవరచుకొనవచ్చును. పూర్వము ఊరూర గరిడీలలో హనుమంతుని పటము ముందు దీపము వెలిగించి, మట్టికి నమస్కరించి సాము మొదలుపెట్టెడివారు. వ్యాయామము అహంకారమునకు కాక సేవకు అని ఆ నమస్కారము తెలుపును.

మూడవది, ఆహారము. కడుపులో సగము అన్నమునకు, పావు నీటికి, పావు వాయువునకు విడువవలెనని పెద్దల మాట. మన నేలలో పండు జొన్నలు, కొఱ్ఱలు, సజ్జలు బలకరములు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా పాటించుటతో పట్టణవాసులు వాటిని వెదకి కొనుచున్నారు. మనము ఇంటనున్న జొన్నరొట్టెను చిన్నచూపు చూడరాదు. ఏకాదశీ ఉపవాసము ఆకలిని ఓర్చుకొనుటను నేర్పును. కాని మధుమేహము వంటి వ్యాధులకు మందులు సేవించువారు, గర్భిణులు, మిక్కిలి వృద్ధులు వైద్యుని అడుగక నిరాహారము ఉండరాదు. అశక్తులకు సడలింపు ధర్మశాస్త్రమే ఇచ్చినది.

నాలుగవది, ఎవరికి తగినది వారికి. పొలమున, ఇటుక బట్టీలలో దినమంతయు శ్రమించువానికి వ్యాయామము చేయుమని చెప్పుట పరిహాసము. మన పల్లెలనుండి మిరపకాయల కోతకు గుంటూరు వైపునకును, కట్టడముల పనులకు బెంగుళూరునకును వలసపోవువారికి కావలసినది విశ్రాంతి, మంచినీరు, నిద్ర. శ్రమ బాధను మరచుటకు మద్యమును ఆశ్రయింపక, సాయంకాలము నలుగురు కూడి ఒక భజన చేసికొనినచో అదియే వారికి మనోవ్యాయామము. దినమంతయు కూర్చుండి పని చేయువారికి నడక ప్రధానము. గృహిణులు ఇంటి పనిలోనే శ్రమ సరిపోయినదని తలంపక, దినమునకు అరగంట తమకొరకు ఆరుబయట నడచుటకు ఇంటివారు వీలు కల్పింపవలెను. వృద్ధులు గోడను పట్టుకొని ఒక్కొక్క కాలిపై కొంతసేపు నిలుచుట, కుర్చీనుండి చేతి ఆనుకోలు లేక లేచుట అభ్యసించినచో పడిపోవు భయము తగ్గును.

ఐదవది, వ్రతము చిన్నదిగా ఉండవలెను. మొదటి దినముననే క్రోసెడు దూరము నడచి, రెండవనాడు మంచము పట్టుట కంటె, దినమునకు పది నిమిషములని సంకల్పించి సంవత్సరము నిలుపుట మేలు. దీర్ఘకాలము, ఎడతెగక, ఆదరముతో సేవించిన అభ్యాసమే దృఢపడునని పతంజలి మహర్షి ఉపదేశము. ఒకనాడు తప్పినచో మరునాడు మరల మొదలిడవలెను. తప్పిన దినమును తలచుకొని అంతయు మానివేయుటయే నిర్వేదము. మరల లేచుట అనిర్వేదము.

తిరుమల మెట్ల పాఠము

అలిపిరినుండి తిరుమలకు సుమారు 9 కిలోమీటర్ల కాలిబాటలో 3,550 మెట్లు కలవు. మన ప్రాంత భక్తులు అనేకులు మ్రొక్కు చెల్లించుటకై ఆ మెట్లు ఎక్కుదురు. ఏ అభ్యాసమును లేక ఒక్క దినమున ఎక్కబోయి గుండె ఆయాసముతో బాధపడువారును కలరు. మ్రొక్కుకొన్ననాటి నుండియే సాధన ఆరంభింపవలెను. రెండు నెలల ముందు నుండి దినదినము నడక పెంచుకొని, వారమునకొకమారు సమీపమందలి కొండను, ఆదోనివారైనచో రణమండల ఆంజనేయుని కొండను మెల్లగా ఎక్కి దిగినచో కాళ్లు సిద్ధమగును. గుండె వ్యాధి కలవారు వైద్యుని సలహా లేక పూనుకొనరాదు. బస్సులో పోయినవారిని స్వామి తక్కువగా చూడడు.

ఆ దారిలోనే మోకాళ్లపర్వతము కలదు. ఆ కొండపై పాదము మోపుటకు వెరచి భగవద్రామానుజులు మోకాళ్లతో ఎక్కినారని సంప్రదాయము. అన్నమాచార్యులు బాల్యమున తిరుమలకు పోవుచు అచ్చటనే అలసి నిద్రించగా, అలమేలుమంగమ్మ దర్శనమిచ్చి ప్రసాదము పెట్టినదని ఐతిహ్యము. ఒకరికి అది వినయమును, మరియొకరికి అలసటలో అనుగ్రహమును ఇచ్చిన స్థలము. నిటారుగా నున్న ఆ మెట్లపై యాత్రికుడు శిఖరమును చూచినచో గుండె జారును. ఎదుటి మెట్టును చూచి, ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క గోవిందనామము చెప్పుకొని పోవువాడు ఎక్కును. కష్టములను దాటుటకును అదియే ఉపాయము.

ముగింపు

ఒక హెచ్చరిక చెప్పి ముగింతును. నడక, నమస్కారము, నియమము మనస్సునకు ఊతమే కాని అన్ని వ్యాధులకు మందు కాదు. దిగులు వారముల తరబడి విడువనప్పుడు, బ్రదుకు వలదను తలంపు కలిగినప్పుడు దానిని దాచుకొనరాదు. హనుమంతునకే వచ్చిన తలంపు మనకు వచ్చుట అవమానము కాదు. ఇంటివారితో చెప్పవలెను. వైద్యుని చూడవలెను. 2022లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్ సేవ 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగుననే మాటలాడి ధైర్యము చెప్పువారు కలరు. ఇంట ఎవరైనను మౌనమున మునిగియుండుట చూచినవారు ఉపదేశములు చెప్పుటకంటె, ఆ నెరణికి బాలుని వలె ప్రక్కన కూర్చుండుట మేలు.

రేపు సుందరకాండను చేత పట్టినప్పుడు పండ్రెండు, పదమూడు సర్గలను నెమ్మదిగా చదువుడు. పుస్తకము మూసిన పిమ్మట చెప్పులు తొడిగి వీధిలోనికి నడువుడు. మన అశోకవనము ఎచ్చట నున్నదో కూర్చున్నవారికి కానరాదు. లేచి వెదకువానికి శ్రీరామదూత తోడుండును గాక.

శుభం భూయాత్.